అత్తగారు సుఖంగా ఎక్కి దిగే పాత కారు ఏది?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, పిల్లలు, అత్తగారు. ఆవిడకి 68 ఏళ్ళు. కిందటి సంక్రాంతి ముందు పెరట్లో జారిపడి ఎడమ తుంటి ఎముక విరిగితే కాకినాడలో ఆపరేషన్ చేయించాం. మోకాళ్ళ నొప్పులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి అమలాపురం తీసుకెళ్ళాలి, ఆటో ఎక్కి దిగడం ఆవిడకి నరకంగా ఉంది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను, లైసెన్సు కూడా వచ్చింది. అన్నీ కలిపి 2,75,000 దాకా పెట్టగలం. బంధువుల దగ్గర 2014 ఆల్టో ఉంది, 1,80,000 అంటున్నారు. రావులపాలెంలో ఒక డీలర్ దగ్గర 2013 వ్యాగన్ఆర్ 2,60,000. మా మరిది ఈకో తీసుకోమంటున్నాడు, 2015 బండి 2,40,000కి దొరుకుతుందట. విజయవాడ నుంచి 2017 స్విఫ్ట్ 2,50,000కే ఇస్తామని ఇంకొకరు ఫోన్ చేస్తున్నారు. ఏది తీసుకోమంటారు?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. నాలుగు బళ్ళ మోడలూ రేటూ రాశారు గానీ, అత్తగారు వాటిలో ఒక్కదాంట్లోనైనా కూర్చుని చూశారో లేదో రాయలేదు. కూర్చోలేదనే అనుకుంటున్నాను. మన ఊళ్ళలో కారు కొనడానికి నలుగురు మగవాళ్ళు వెళ్తారు, బానెట్ ఎత్తి చూస్తారు, ఒక రౌండు కొట్టి వస్తారు, బేరమాడి అడ్వాన్సు ఇచ్చేస్తారు, ఎవరి కోసం కొంటున్నారో ఆ మనిషి మాత్రం ఇంట్లోనే ఉంటారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. నాన్నగారికి పక్షవాతం వచ్చి కాస్త తేరుకున్నాక ఆయన్ని తిప్పడానికి బావుంటుందని ఒక పాత సెడాన్ కొన్నాం. పెద్ద కారు, మెత్తటి సీట్లు, ఏసీ బ్రహ్మాండంగా ఉండేది. ఇంటికి తెచ్చాక తెలిసింది, ఆయన అందులో కూర్చోవడం కాదు, పడడమే. దిగాలంటే మేమిద్దరం చెరో రెక్కా పట్టుకుని పైకి లాగాలి. ఏడాది తిరక్కుండానే నష్టానికి అమ్మేశాం. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ ఏడాదిలో ఆయన "నేనెక్కడికీ రానురా, నన్నొదిలేయండి" అనడం మొదలుపెట్టారు, పెళ్ళిళ్ళకి కూడా రావడం మానేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, అత్తగారు ఎక్కి దిగి చూడందే ఎవరికీ ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.

కారు చూడడానికి వెళ్ళే ముందు ఇంట్లో ఒక పని చేయండి. అత్తగారు ఏ మంచం మీంచి, ఏ కుర్చీలోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలుగుతున్నారో రెండు రోజులు గమనించండి. బట్టలు కుట్టేవాళ్ళ టేపుతో ఆ ఎత్తు కొలిచి రాసుకోండి. అలాగే ఆవిడ నిలబడి ఉండగా నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుందో కొలవండి. నా లెక్క ప్రకారం కారు సీటు అంచు ఆ మడత కన్నా నాలుగైదు అంగుళాలు పైన ఉంటే ఆవిడ వెనక్కి ఆనుకున్నట్టు కూర్చోగలరు, లేచేటప్పుడు తొడల మీద బరువు పడకుండా లేవగలరు. కారు సీటు కూర్చోగానే రెండంగుళాలైనా కుంగుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. మరీ ఎత్తుంటే ఇంకా మంచిది కదా అనుకుంటారేమో, కాదు. పాదాలు నేలకి ఆనకుండా వేలాడితే దిగేటప్పుడు కిందికి దూకినట్టు అవుతుంది, విరిగి అతికిన తుంటికి అది ఏమాత్రం పనికిరాదు. ఆపరేషన్‌లో లోపల ప్లేటు వేశారా, తుంటి కీలులో బాల్ మార్చారా అన్నది మీరు రాయలేదు. బాల్ మార్చినవాళ్ళకి మొదట్లో కొన్ని వారాల పాటు తుంటి దగ్గర 90 డిగ్రీలకు మించి వంగొద్దని డాక్టర్లు చెబుతుంటారు, సీటు పల్లంగా ఉంటే మోకాళ్ళు తుంటి కన్నా పైకొచ్చి ఆ వంపు తప్పదు. మీ ఫిజియోథెరపిస్టుని ఈ ఒక్క విషయం అడిగి రండి.

సీటు ఎత్తు తర్వాత చూడాల్సింది గడప. ఇంటి గుమ్మానికి గడప ఉన్నట్టే కారు డోరు కిందా ఒక గడప ఉంటుంది, కొన్ని కార్లలో అది లోపలి నేలకి దాదాపు సమానంగా ఉంటుంది, కొన్నిటిలో బాగా పైకి లేచి ఉంటుంది. మోకాలు మడవలేని మనిషి ఆ గడప మీంచి కాలు దాటించాలంటే కాలిని చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. ఆ ఎత్తులో ఒక్క అంగుళం తగ్గినా వాళ్ళకి తేడా తెలుస్తుంది. ఆ తర్వాత డోరు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, పైన తల తగలకుండా ఎంత చోటుంది, ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపితే మోకాళ్ళకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య ఎంత మిగులుతుంది, ఇవి చూడండి. సీట్లకి బయట కుట్టించిన లావుపాటి రెక్సిన్ కవర్లుంటే పక్కల ఉబ్బెత్తుగా దిమ్మల్లా ఉంటాయి, జరిగి లోపలికి వెళ్ళనివ్వవు, అవి తీయించేసి చూడండి.

ఇంకో సంగతి, దీన్ని మగవాళ్ళు అసలు పట్టించుకోరు. మన పెద్దవాళ్ళు చీరలో ఉంటారు. ప్యాంటు వేసుకున్న మనిషిలా ఒక కాలు ముందు లోపల పెట్టి, ఆ తర్వాత ఒళ్ళు వంచి కూర్చోవడం వాళ్ళకి కుదరదు, కాలు అంత దూరం చాచితే చీర లాగేస్తుంది. ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుంటారు, ఆ చేత్తో ఇంక దేన్నీ పట్టుకోలేరు, ఆసరాకి మిగిలేది ఒక్క చెయ్యే. ఆ ఒక్క చేతికి గట్టిగా పట్టుకోవడానికి ఏముంది? డోరు పైన లోపలి వైపు హ్యాండిల్ ఉందా, అది ఊగకుండా గట్టిగా ఉందా? అత్తగారు రోజూ కట్టుకునే చీరలోనే, రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్ళి చూడమనండి. ఒకసారి కాదు, మూడుసార్లు ఎక్కి దిగాలి. మొదటిసారి ఉత్సాహంలో ఎవరైనా ఎక్కేస్తారు, మూడోసారి ఆవిడ ముఖం చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ నాలుగు బళ్ళ సంగతి. ఆల్టో వద్దు. బండి మంచిదే, మైలేజీ వస్తుంది, చవకగా నడుస్తుంది, కానీ సీటు పల్లం. బంధువులదని మొహమాటపడకండి, అత్తగారి కాలు చూపించి చెబితే వాళ్ళకీ అర్థమవుతుంది. ఈకో గురించి మీ మరిది ఆలోచన తప్పని అనను, వెనక పక్కకి జరిగే డోరు చూసి సులువని అనుకుని ఉంటాడు. డోరు బాగానే తెరుచుకుంటుంది, కానీ లోపలి నేల ఎత్తు, ముందు సీటు అయితే ఇంజన్ మీద ఉంటుంది. అందులోకి కూర్చోవడం కాదు, ఎక్కాలి, అంటే ఒంటికాలి మీద మొత్తం బరువు వేసి పైకి లేవాలి. సామాన్లకీ, పదిమంది పిల్లలకీ బావుంటుంది, మీ అత్తగారికి కాదు. స్విఫ్ట్ సీటు ఆల్టో అంత పల్లం కాదు, అలాగని వ్యాగన్ఆర్ అంత ఎత్తులోనూ ఉండదు, తల కూడా కాస్త వంచాల్సి వస్తుంది. దాని మీద ఇంకో పెద్ద అనుమానం ఉంది, కాసేపట్లో చెబుతాను.

మిగిలింది వ్యాగన్ఆర్. మీ అవసరానికి ఆ జాతి బండే సరైనది. 1998లో హ్యుందాయ్ శాంత్రో, ఆ మరుసటి ఏడాది వ్యాగన్ఆర్ మన దేశంలోకి వచ్చినప్పుడు ఆ పొడుగు రూపం చూసి అగ్గిపెట్టె అని వెక్కిరించినవాళ్ళున్నారు. ఆ రూపానికి కారణం ఉంది. కారు పొడవు పెంచకుండా లోపల చోటు రావాలంటే మనిషిని కాళ్ళు చాపించి కూర్చోబెట్టడం కుదరదు, కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చోబెట్టాలి, అందుకని సీటు పైకి వచ్చింది, దాని కోసం కప్పు ఇంకా పైకి వెళ్ళింది. జపాన్‌లో 1993లో సుజుకీ ఇలా తయారుచేసింది, అది మోకాళ్ళ నొప్పులవాళ్ళకి వరమైంది. ఇదే దారిలో చూడదగ్గవి ఇంకొన్ని ఉన్నాయి: 2009 నుంచి 2017 దాకా అమ్మిన మారుతి రిట్జ్, ఇది కాస్త బలంగా కూడా ఉంటుంది, మంచిది దొరికితే వదలొద్దు. జెన్ ఎస్టిలో, ఐ10 కూడా పరవాలేదు. శాంత్రో జింగ్ 2014తో ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవన్నీ బాగా పాతబడినవే. షెవర్లే స్పార్క్, బీట్ చాలా చవకగా చూపిస్తారు, ఆ కంపెనీ 2017లోనే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, స్పేర్ పార్టుల కోసం మీరొక్కరే తిరగలేరు, వాటి జోలికి వెళ్ళకండి. ఇంకో మాట, సీఎన్‌జీ వ్యాగన్ఆర్ అని చూపిస్తే ఖర్చు కలిసొస్తుందని సంబరపడకండి. డిక్కీ నిండా సిలిండరే ఉంటుంది, అత్తగారి వాకరు, ఎప్పుడైనా అవసరమైతే మడత వీల్‌చైర్ ఎక్కడ పెడతారు? వాకరు వెంట తీసుకెళ్ళి డిక్కీలో పెట్టి చూడండి.

విజయవాడ స్విఫ్ట్ గురించి. 2017 బండి 2,50,000కే ఎందుకు ఇస్తున్నారు? ఆ రేటు వినగానే నాకు భయం వేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్ళ ముందు ఎన్ని కార్లు నీళ్ళలో నానాయో మనమంతా టీవీల్లో చూశాం. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, సెంటు కొట్టి అమ్మకానికి వస్తాయి. ఈ స్విఫ్ట్ కూడా అలాంటిదేనని నేను అనడం లేదు, కానీ మునగలేదని నిరూపించే బాధ్యత అమ్మేవాళ్ళది. మీరుండేది లంకలో, 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఎలా ఉంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు. వరద నీళ్ళు తీశాక బీరువా అడుగున, తలుపుల సందుల్లో ఆ సన్నటి ఒండ్రు ఎన్ని నెలలు వస్తూనే ఉంటుందో మీకు తెలుసు కదా, కార్లోనూ అంతే. సీటు బెల్టు చివరి దాకా లాగండి, చివర అడుగున్నర మేర మట్టి రంగు గీత కనబడితే ఆ బండి మునిగిందన్నమాటే, ఎందుకంటే బయటికి కనిపించే భాగాన్నే కడుగుతారు. స్టెప్నీ తీసి దాని కింది గుంటలో వేలు పెట్టి తుడవండి. సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు తుప్పు పట్టాయేమో టార్చి వేసి చూడండి. పాత కారుకి కొత్త కార్పెట్ ఉంటే ఎందుకు మార్చారో అడగండి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఏసీ వేసుకుని కూర్చోండి, తడి గోనెసంచి వాసన వస్తే మారు మాట్లాడకుండా దిగి వచ్చేయండి. మునిగిన బండి ఈ రోజు బాగానే నడుస్తుంది, ఆరు నెలలకి వైర్లు లోపల తుప్పు తిని ఎక్కడో కాలువ గట్టు మీద అత్తగారితో సహా ఆగిపోతుంది. అది ఆడమనిషి ఒక్కతే పడగలిగే టెన్షన్ కాదు. ఈ పరీక్షలు రావులపాలెం వ్యాగన్ఆర్‌కీ తప్పకుండా చేయండి.

మన వైపు ఇంకో శత్రువు ఉప్పు. సముద్రం దగ్గరి ఊళ్ళలో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి అడుగు భాగం తొందరగా తుప్పు పడుతుంది. ఇందాక గడప అన్నాను చూడండి, డోరు తెరిచి అక్కడి రబ్బరు బీడింగ్ మెల్లిగా లాగి లోపలి రేకు చూడండి. పొక్కులు పొక్కులుగా పెయింటు లేచి ఉంటే లోపల తిన్నట్టే. డోరు అడుగు అంచు వేళ్ళతో తడమండి. తుప్పు పట్టిన అంచు గీసుకుంటే షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి ఆ గాయం తొందరగా మానదు. డోరు స్టాపర్ కూడా చూడండి, తెరిచిన డోరు తెరిచినచోటే ఆగాలి. పాత బళ్ళలో అది అరిగిపోయి డోరు దానంతట అదే వెనక్కి వచ్చేస్తుంది. మా పెద్దమ్మ ఒకసారి దిగుతుండగా అలాగే డోరు వచ్చి మోకాలి కింద ఎముకకి తగిలింది, నెల రోజులు వాపు తగ్గలేదు. మార్పించడానికి పెద్ద ఖర్చు కాదు, కానీ మార్పించాకే ఆవిడని ఎక్కించండి.

మెకానిక్‌ని మీ సొంత మనిషిని తీసుకెళ్ళండి, డీలర్ చూపించినవాడిని కాదు. పొద్దున్నే వెళ్ళండి, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లారాక మళ్ళీ వస్తామని చెప్పండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం, గాడులు ఉన్నా వయసైపోయిన టైరు పనికిరాదు. క్లచ్ బరువుగా ఉందేమో మీరే నడిపి చూడండి, రేపు నడపాల్సింది మీరే కదా.

కాగితాల దగ్గర ఎక్కువ చెప్పను. 2013లో రిజిస్టరైన బండికి ఆర్‌సీ 2028 దాకా ఉంటుంది, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకి రెన్యువల్ చేయించుకోవాలి, అది తెలుసుకునే కొనండి. ఓనర్ చేత ఫారం 29, 30 (బండి పేరు మార్పిడి కాగితాలు) మీద సంతకాలు మీ కళ్ళ ముందే పెట్టించుకోండి. బండి మీద లోను ఉండి ఉంటే ఫారం 35 (లోను తీరిపోయిందన్న కాగితం), బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి. నంబరు తెలంగాణది అయితే అక్కడి ఎన్ఓసీ కావాలి, మన దగ్గర లైఫ్ ట్యాక్సు మళ్ళీ కట్టాలి, చవకగా కనిపించిన బండి అక్కడే ఖరీదైపోతుంది. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. చలాన్లు పెండింగ్ ఉన్నాయేమో నంబరు కొట్టి చూసుకోండి. ఇవన్నీ పోనూ బ్యాటరీకీ, ఆయిలుకీ, రెండు టైర్లకీ 25 నుంచి 30 వేలు పక్కన ఉంచుకోవాలి, అంటే మీ 2,75,000లో బండికి 2,45,000 మించి పెట్టకూడదు. 2,60,000 అంటున్న డీలర్‌తో అక్కడి దాకా బేరమాడండి. దిగకపోతే వచ్చేయండి, వ్యాగన్ఆర్‌లకి కొదవ లేదు.

బండి వచ్చాక ఎక్కే పద్ధతి కూడా నేర్పించండి, సగం సుఖం అందులోనే ఉంది. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరపండి, వీపు భాగం కొంచెం వాల్చండి. అత్తగారు కారుకి వీపు పెట్టి నిలబడి, కాళ్ళ వెనక సీటు అంచు తగిలే దాకా వెనక్కి రావాలి. ఒక చెయ్యి డ్యాష్‌బోర్డు మీద, రెండో చెయ్యి సీటు వీపు మీద వేసి, తల వంచి మెల్లిగా కూర్చోవాలి. డోరు పట్టుకోనివ్వకండి, అది కదులుతుంది. కూర్చున్నాక వెనక్కి జరిగి, అప్పుడు కాళ్ళు మెల్లిగా ముందుకి తిప్పుకోవాలి. ఎడమ వైపు ముందు సీట్లోకి ఇలా ఎక్కితే ముందు కుడికాలు లోపలికి వెళ్తుంది, ఆవిడకి బాగాలేనిది ఎడమకాలు కాబట్టి దాన్ని మీరు మడమ కింద చెయ్యి పెట్టి తర్వాత అందివ్వొచ్చు. కాటన్ చీర సీటుకి పట్టేసి తిరగనివ్వకపోతే సీటు మీద ఒక పాలిథిన్ కవరు పరవండి, ఇట్టే తిరిగిపోతారు. అయితే తిరగగానే ఆ కవరు లాగేయండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు ముందుకి జారిపోతారు.

మీ దారి కాలువ గట్టు వెంటే కదా, ఎదురుగా లారీ వచ్చిందనో, ఎవరో పలకరించారనో ఎడమ చక్రాలు గట్టు వాలులోకి దింపి ఆపుతాం. అప్పుడు అత్తగారి వైపు డోరు కింద నేల అరడుగు పైగా లోతుకి వెళ్ళిపోతుంది, కారు కూడా అటే వాలి ఉంటుంది, తెరిచిన డోరు ఆ వాలుకి ఇంకా బయటికి లాగేస్తుంది. అక్కడ ఆవిడని దింపొద్దు, ఎవరి ఇంటి ముందైనా సరే. వంద గజాలు ముందుకి వెళ్ళి వంతెన దగ్గరో, గుడి ముందరో చదునుగా ఉన్నచోట ఆపండి. ఇంటి దగ్గర కూడా అరుగు పక్కనే కాకుండా, డోరు పూర్తిగా తెరుచుకునేలా మూడడుగులు వదిలి పెట్టండి, ఆ మూడడుగుల్లో వాకరు పట్టాలి.